బిల్లు సంగతి అలా ఉంచి, 84,600 డాలర్ల గీత చూసుకోండి

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. నాకు 58, మా ఆవిడకు 56. ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ చేస్తున్నాను. 2026లో 90,000 డాలర్లు రావచ్చు. ఆరోగ్య బీమాకు సబ్సిడీ రాదన్నారని మార్కెట్‌ప్లేస్‌లో (ఒబామాకేర్ ప్లాన్లు అమ్మే ప్రభుత్వ వేదిక) ప్రీమియం తక్కువుండే బ్రాంజ్ ప్లాన్ తీసుకున్నాం. ఈ సబ్సిడీల మీద సెనేట్‌కు వచ్చిన రెండు ప్రతిపాదనల్లో మాకు ఏది మేలు?

జవాబు: మీ వరకైతే డెమొక్రాట్లదే. 2025తో ముగిసిన అదనపు సబ్సిడీని మూడేళ్లు పొడిగించమంటుంది అది. అలా జరిగితే బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్‌కు (సబ్సిడీ లెక్కకు కొలబద్దగా తీసుకునే ప్లాన్) మీరు కట్టేది ఆదాయంలో 8.5 శాతం, అంటే ఏడాదికి 7,650 డాలర్లు దాటదు. రిపబ్లికన్ సెనేటర్లు క్రాపో, కాసిడీల ప్రతిపాదనలో ఆ పొడిగింపు లేదు. బదులుగా బ్రాంజ్ ప్లాన్ ఉన్నవాళ్ల హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ప్రభుత్వం డబ్బు వేస్తుంది. 50 దాటినవాళ్లకు తలా 1,500, మీ ఇద్దరికీ 3,000. బాగానే ఉంది కానీ, ఆ డబ్బుతో ప్రీమియం కట్టకూడదు. మీ వయసులో నడుం విరిచేది ప్రీమియమే కదండీ!

అయినా రెండూ 2025 డిసెంబర్ 11న సెనేట్‌లో చెరో 51 ఓట్ల దగ్గర ఆగిపోయాయి, కావలసినవి 60. 2026 జనవరి 8న ప్రతినిధుల సభ మూడేళ్ల పొడిగింపును 230-196తో ఆమోదించినా, దాటాల్సింది మళ్లీ ఆ సెనేట్ గడపే. దాన్ని నమ్ముకుని నేనైతే ఇంటి ఖర్చుల లెక్క వేయను.

ఇప్పుడున్న చట్టంలోనే మీకో దారుంది. ఇద్దరున్న ఇంటికి ఆదాయం 84,600 దాటితే సబ్సిడీ సున్నా. మీ 90,000 సబ్సిడీ లెక్కలోకి వచ్చే ఆదాయమే అనుకుంటే, మీరు దాటింది 5,400 మాత్రమే. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లకు హెచ్‌ఎస్‌ఏ తెరుచుకోవచ్చు. అందులో 2026కి కుటుంబం వేసుకోగలిగేది 8,750, పైగా 55 దాటినవాళ్లకు తలా మరో 1,000. ఆవిడ వెయ్యి మాత్రం ఆవిడ పేరున వేరే ఖాతాలో వేయాలి. మొత్తం 10,750 వేస్తే లెక్కలోకి వచ్చే ఆదాయం 79,250కి దిగుతుంది. అప్పుడు బెంచ్‌మార్క్ ప్లాన్‌లో మీ వాటా 9.96 శాతం, దాదాపు 7,893 డాలర్లు. ఇందాకటి 7,650కి తేడా 243 డాలర్లే!

ఒకటి అడగాలి. ఊళ్లో ఫ్లాట్ అద్దె, ఎన్‌ఆర్‌ఈ (ఇండియా బ్యాంకుల్లో ప్రవాసుల ఖాతా) డిపాజిట్ల వడ్డీ ఏమైనా ఉన్నాయా? ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడి ఆదాయంలో కలుస్తుంది. మీరు చెప్పిన 90,000లో అవి లేకుండా, రెండూ కలిపి 5,350 దాటితే హెచ్‌ఎస్‌ఏ ఒక్కటే చాలదు, సోలో 401కె (సొంతంగా పనిచేసేవాళ్ల రిటైర్మెంట్ ఖాతా) లోకీ కొంత మళ్లించాలి. గీత ఒక్క డాలర్ దాటినా, నెలనెలా వాడుకున్న సబ్సిడీ అంతా టాక్స్ ఫైలింగ్‌లో తిరిగి కట్టమంటారు.