జెట్ బోటు ఎక్కండి మాస్టారూ, బీపీ మాత్రం దాచకండి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, నా భార్యకు 59. నిరుడు ప్రధానోపాధ్యాయుడిగా రిటైర్ అయ్యాను. పెన్షన్ 48 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. సీనియర్ సిటిజన్స్ స్కీములో 20 లక్షలు వేశాను. బ్యాంకులో రెండు ఎఫ్‌డీలు ఉన్నాయి, ఒకటి రెండున్నర లక్షలు, ఇంకొకటి లక్షన్నర. మా అబ్బాయి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంటాడు. జూన్ చివర్లో వాడి దగ్గరికి వెళ్లి, దగ్గర్లోని గోల్డ్ కోస్ట్ సముద్రతీరంలో ఐదు రోజులు గడపాలని ఉంది. స్కైపాయింట్ ఎక్కడం, జెట్ బోటు, తిమింగలాలు చూడటం నా కోరికలు. చిలకలకు మేత పెట్టాలని మా ఆవిడ కోరిక. టికెట్లు లక్షా 60 వేలు, ఈ సరదాలకు 90 వేలు, హోటల్ లక్ష, బంధువులకు కానుకలు లక్షన్నర, వీసా, తిండి, తిరుగుళ్లకు లక్ష, మొత్తం 6 లక్షలు. ఎఫ్‌డీలు రెండూ తీసేసి, తక్కువైన 2 లక్షలకు మా ఆవిడ నగలు తాకట్టు పెడదామనుకుంటున్నాం. టికెట్లు తానే తీస్తానని అబ్బాయి అన్నా నేను వద్దన్నాను. నేను బీపీ మాత్ర వేసుకుంటాను. ఆ సంగతి రాస్తే ప్రీమియం పెరుగుతుందని, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో రాయొద్దని ఏజెంట్ చెప్పాడు. మా ప్లాన్ బాగానే ఉందా?
— ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు:

మాస్టారూ, మీ ప్రయాణం ఆపమని నేను చెప్పను. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి, ఇప్పుడు ఇద్దరూ కలిసి సముద్రం మీద తిరగాలనుకోవడం చదివి నాకు చాలా సంతోషం వేసింది. ఆ 90 వేల సరదాల్లో ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దు. మీరు వెళ్తున్నదే వాటి కోసం. నా బాధంతా మీ ఉత్తరం చివర్లో రాసిన ఒక్క వాక్యం గురించి. బీపీ సంగతి రాయొద్దని ఏజెంట్ చెప్పడం, మీరు దాన్ని మామూలు విషయంగా తీసుకోవడం. పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్లే తల్లిదండ్రుల్లో ఎంతోమంది ఇదే తప్పు చేస్తున్నారు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి అదే కారణం.

మీకు ఇక్కడ ఈహెచ్‌ఎస్ కార్డు, అంటే ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల వైద్య పథకం కార్డు ఉండి ఉంటుంది. అది ఇక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రులకే పనికొస్తుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పథకం పేరు మెడికేర్. బ్రిటన్, న్యూజిలాండ్, ఇటలీ లాంటి కొన్ని దేశాలతో వాళ్లకు ఒప్పందం ఉంది కాబట్టి ఆ దేశాల సందర్శకులకు అత్యవసర వైద్యం అందులో జరిగిపోతుంది. మన దేశంతో అలాంటి ఒప్పందం లేదు. మీ అబ్బాయికి మెడికేర్ ఉన్నా, విజిటర్ వీసా మీద వెళ్లిన మీకు అది వర్తించదు. 000కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. మీరు వెళ్లే క్వీన్స్‌లాండ్ రాష్ట్ర వాసులకు దానికి బిల్లు ఉండదు, మీకు వస్తుంది. "అబ్బాయి అక్కడే ఉన్నాడుగా, చూసుకుంటాడు" అని నాతో చాలామంది అంటారు. చూసుకుంటాడు, నిజమే. కానీ ఆసుపత్రి బిల్లు డాలర్లలో వస్తుంది, అది కట్టాల్సింది వాడి జీతంలోంచి, లేదా మీ 20 లక్షల్లోంచి.

ఇప్పుడు బీపీ సంగతి. అక్కడ మీకు గుండె నొప్పి వచ్చిందనుకోండి. ఆసుపత్రిలో చేరగానే అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఏ మాత్రలు వాడుతున్నారు అని. మీరు నిజమే చెప్తారు, చెప్పాలి కూడా. అది కేస్ షీట్‌లో ఎక్కుతుంది. బీమా కంపెనీ అడిగే మొదటి కాగితం ఆ కేస్ షీటే. ఫారంలో 'లేదు' అని, కేస్ షీట్‌లో 'ఆరేళ్లుగా ఉంది' అని ఉంటే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు ఇంకేమీ అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చే ఒక దంపతులకు సరిగ్గా ఇదే జరిగింది. కొడుకు దగ్గరికి వెళ్లిన తండ్రి షుగరు దాచారు. కాలి పుండు ముదిరి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. పాలసీ చేతిలో ఉండి కూడా పైసా రాలేదు. ఆ బిల్లు ఆ కుటుంబం రెండేళ్ల పాటు కట్టింది. ప్రీమియంలో మిగిలింది కొన్ని వేలు మాత్రమే.

అందుకని బీపీ రాయండి. మీ శ్రీమతి గారికి థైరాయిడ్ లాంటిది ఏదైనా ఉంటే అదీ రాయండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు ఎంతవరకు ఇస్తారో పాలసీలో చదవండి. చాలా పాలసీలు ప్రాణాపాయం వచ్చినప్పుడే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. అరవై దాటినవాళ్లకు ఇంకో మెలిక ఉంటుంది. పైన లక్ష డాలర్లు అని పెద్ద అక్షరాలతో రాసి, లోపల గది అద్దెకు ఇంత, సర్జన్ ఫీజుకు ఇంత అని విడివిడిగా కోత పెడతారు. చవకగా దొరికే పాలసీల్లో నాకు ఎక్కువ అనుమానం ఉన్నది అక్కడే. అలాంటి కోతలు లేని పాలసీయే తీసుకోండి. కవరేజి లక్ష అమెరికన్ డాలర్లకు తగ్గొద్దు. ఇక్కడ బయల్దేరకముందే కొనాలి.

ఇక మీ సరదాల జాబితా. స్కైపాయింట్ క్లైంబ్ అంటే మామూలు వ్యూ పాయింట్ కాదు. అది ఉన్న క్యూ1 భవనం ఎత్తు 322 మీటర్లకు పైనే. 77వ అంతస్తు నుంచి బయటికి తీసుకెళ్లి, నడుముకు తాడు కట్టి, మెట్ల మీదుగా 270 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తారు. జెట్ బోటు నీళ్ల మీద వేగంగా వెళ్తూ ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లకు అది పడదు. ఇలాంటివాటిని కొన్ని పాలసీలు సాహస క్రీడలుగా లెక్కగట్టి పక్కన పెడతాయి. కాబట్టి కంపెనీకి ఈమెయిల్ పెట్టి, ఈ రెండింటి పేర్లూ రాసి, వర్తిస్తుందా లేదా అని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఏజెంట్ నోటిమాట చెల్లదు. ఎక్కే ముందు అక్కడ కూడా ఆరోగ్యం గురించి ఫారం నింపిస్తారు, అందులోనూ నిజమే రాయండి. వెళ్లే ముందు మీ డాక్టరు గారిని ఒకసారి అడగండి. ఆయన సరేనంటే ఎక్కండి, అరవై మూడు పెద్ద వయసేమీ కాదు.

తాకట్టు దగ్గర మాత్రం నాకు ఓపిక ఉండదు. విహారానికి నగలు కుదువ పెట్టడం ఏమిటి మాస్టారూ? నెలకు మీకు మిగిలేది 18 వేలు. 2 లక్షల అప్పు వడ్డీతో తీరాలంటే ఏడాది పాటు ఆ మిగులంతా దానికే పోతుంది. ఎఫ్‌డీలు ముందే ఖాళీ చేశారు. ఆ ఏడాదిలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మళ్లీ ఎక్కడికి వెళ్తారు? గడువు తీరాక వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోయినవాళ్ల నగలు వేలానికి వెళ్లడం నేను చూశాను. క్రెడిట్ కార్డు వాయిదాలూ ఇదే దారి, వద్దు. సీనియర్ సిటిజన్స్ స్కీము ఏడాది దాటాక రెండేళ్లలోపు తీస్తే ఒకటిన్నర శాతం, అంటే 30 వేలు కోస్తారు, దాన్నీ ముట్టుకోవద్దు.

నేనైతే ఇలా చేస్తాను. ప్రయాణం ఆగస్టు చివరికి జరపండి. జూన్ చివర్లో అక్కడ స్కూళ్లకు సెలవులు, గదుల అద్దెలు పెరుగుతాయి. ఆగస్టు చివర్లో తిమింగలాలు ఇంకా ఉంటాయి, పిల్లల్ని వెంటబెట్టుకుని దక్షిణానికి తిరిగి వెళ్లే తల్లులు కూడా కనిపించొచ్చు. హోటల్ రెండు రాత్రులకే తీసుకోండి, 40 వేలు చాలు. క్వీన్స్‌లాండ్‌లో ఇప్పుడు రైలు, ట్రామ్, బస్సు దేనికైనా ఒక ప్రయాణానికి 50 సెంట్లే, విమానాశ్రయం రైలు తప్ప. బ్రిస్బేన్‌లో రైలెక్కి హెలెన్స్‌వేల్‌లో దిగి ట్రామ్ పట్టుకుంటే నేరుగా గోల్డ్ కోస్ట్ నడిబొడ్డున ఉన్న సర్ఫర్స్ ప్యారడైజ్‌లో దిగొచ్చు. మిగతా రోజులు అబ్బాయి ఇంటి నుంచే పొద్దున వెళ్లి రాత్రికి రండి. కానుకలు 30 వేలకు తగ్గించండి. లక్షన్నర పెట్టి చాక్లెట్లు, చొక్కాలు మోసుకురావాలని మీ బంధువులెవరూ అడగలేదు కదా.

ఇన్సూరెన్స్‌కి 25 వేలు కలిపినా మొత్తం 4 లక్షల 45 వేలు. టికెట్లు అబ్బాయిని తీయనివ్వండి. వాడికి అది ఆనందం, వద్దనకండి. మిగిలేది 2 లక్షల 85 వేలు. చిన్న ఎఫ్‌డీ లక్షన్నర, స్కీము నుంచి ఏప్రిల్‌, జులైలలో వచ్చే వడ్డీలు 82 వేలు, ఏప్రిల్ నుంచి నాలుగు నెలలు పెన్షన్‌లోంచి 15 వేల చొప్పున 60 వేలు కలిపితే సరిపోతుంది, ఇంకో 7 వేలు మిగులుతాయి. రెండున్నర లక్షల ఎఫ్‌డీ అలాగే ఉంటుంది. అది మీ ఇంటి ఎనిమిది నెలల ఖర్చు. దాన్ని ఏ సరదాకీ తీయొద్దు.

మీ శ్రీమతి గారి కోరికకు పెద్ద ఖర్చేమీ లేదు. కరంబిన్ వన్యప్రాణి కేంద్రంలో మేత పళ్లెం పట్టుకుని నిలబడితే రంగురంగుల లోరికీట్ చిలకలు గుంపులుగా వచ్చి చేతుల మీద, తల మీద వాలతాయి. 1947లో ఒక తేనెటీగల పెంపకందారుడు తన పూలతోట పాడుచేస్తున్న పిట్టల్ని పక్కకు మళ్లించడానికి మేత పెట్టడంతో మొదలైంది అది. బర్లీ హెడ్స్ కొండ చుట్టూ సముద్రం పక్కన నడిచే దారికి టికెట్టే లేదు. సముద్రంలో దిగితే ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగండి, లైఫ్‌గార్డులు కాపలా ఉండేది అక్కడే. అలలంటే భయం ఉంటే టాలీబడ్జెరా క్రీక్‌లో నీళ్లు నెమ్మదిగా ఉంటాయి.

మీరు వాడే మాత్రల చీటీ, మందుల అసలు (జెనరిక్) పేర్లతో టైపు చేయించి డాక్టరు గారి సంతకంతో చేతి సంచిలో పెట్టుకోండి. పాలసీ నంబరు, కంపెనీ ఇరవై నాలుగు గంటల ఫోన్ నంబరు మీ ఇద్దరి ఫోన్లలోనూ, అబ్బాయి ఫోన్‌లోనూ ఉండాలి. ఫారం నింపాక, డబ్బు కట్టే ముందు నాకొకసారి పంపండి. బీపీ గడిలో ఏం రాశారో చూస్తాను.