జవాబు రాని ఆర్డరు గురించి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ సంస్థలో కొనుగోళ్లు, గోదాములు, రవాణా ఈ మూడింటి వెబ్ సర్వీసులనూ, అంటే నెట్ ద్వారా సందేశాలు అందుకుని జవాబిచ్చే ప్రోగ్రాములనూ, కలిపి నడిపే పనిని తమంతట తామే నిర్ణయాలు తీసుకుని పనిచేసే సాఫ్ట్‌వేర్ ఏజెంట్లకు అప్పగిస్తున్నారనీ, ఆ బాధ్యత నీకే ఇచ్చారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నీకు తెలిసినవే అయినా కొన్ని ముందు చెప్పేస్తాను. వస్తువులకు సొంత గుర్తింపు సంఖ్యలు కల్పించకు, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జీఎస్1 వారి వస్తువు సంఖ్య, జీటిన్ ఉంది. ఏజెంట్ల బేరసారాలకు కొత్త పద్ధతి వెతకకు. పనిని ప్రకటించడం, బిడ్లు తీసుకోవడం, ఒకరికి అప్పగించడం అనే కాంట్రాక్ట్ నెట్ పద్ధతిని రీడ్ స్మిత్ అనే పరిశోధకుడు 1980లోనే ప్రచురించాడు. ఏజెంటు ఎంత మొత్తం దాకా తానే కొనవచ్చో హద్దు పెట్టు, ఆ హద్దును ఏజెంటు విచక్షణకు వదలకుండా సర్వీసు దగ్గరే అమలు చెయ్యి.

ఇక నా భయం. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట, పక్క బృందం తయారుచేసిన కొనుగోలు ఏజెంటు ఒక విడిభాగం కోసం సరఫరాదారుడి సర్వీసుకు ఆర్డరు పంపింది. గడువు దాటినా జవాబు రాలేదు. ఆర్డరు అందలేదని తీర్మానించుకుని రెండో సరఫరాదారుడికి పంపింది. అక్కడా ఆలస్యమే. మూడో చోటికి వెళ్లింది. నిజానికి మొదటి ఇద్దరికీ ఆర్డరు అందింది, ఇద్దరూ నమోదు చేసుకున్నారు, తిరిగివచ్చే జవాబే దారిలో పోయింది. ఒక్క అవసరానికి మూడు ఆర్డర్లు నిలిచాయి. ఏజెంటు లెక్కలో మాత్రం ఒక్కటే ఉంది.

సంగతి బయటపడగానే రద్దు సందేశాలు పంపారు. మొదటి చోట రద్దయింది. రెండో చోట సర్వీసు సరేనంది కానీ, అప్పటికే సరుకు లారీకెక్కి బయలుదేరింది. కంప్యూటర్లో రద్దయిపోయిన ఆర్డరు గోదాము ముందుకొచ్చి నిలబడితే, దించుకునే అధికారం అక్కడివాళ్లకు లేదు, తిప్పి పంపే అధికారమూ లేదు. ఆ డ్రైవరు సాయంత్రం దాకా అందరినీ అడుగుతూ తిరిగాడు. ఆయనకు జవాబు చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. అది నేను మరచిపోలేదు.

అంతటితో ఆగలేదు. గిరాకీ పెరిగిందనుకుని సరఫరాదారులు తమ ముడిసరుకు ఆర్డర్లు పెంచారు. గొలుసులో పైకి వెళ్లేకొద్దీ ఇలా ఊగిసలాట పెరగడాన్ని బుల్‌విప్ ప్రభావం అంటారు. లీ, పద్మనాభన్, వాంగ్ అనే పరిశోధకులు 1997లో దీనికి చూపిన నాలుగు కారణాల్లో, కొరత భయంతో అవసరానికి మించి ఆర్డర్లు పెట్టడం ఒకటి. ఆ ఏజెంటు ఏ భయమూ ఎరగకుండానే అదే పని చేసింది, మనుషులు గమనించేలోపే చేసేసింది.

నువ్వూ చిన్నప్పుడు ఇంతే. నన్ను పిలిచి, నేను పలికేలోపే అమ్మను పిలిచి, అమ్మ లేచేలోపే అమ్మమ్మను పిలిచేవాడివి. ముగ్గురం పరిగెత్తుకొచ్చేవాళ్లం. అప్పుడు ముద్దుగానే ఉండేది నాన్నా.

డెమోలో సర్వీసులన్నీ క్షణాల్లో పలికాయని సంబరపడ్డావట. డెమో చూసి నమ్మే వయసా నీది? ఆర్డరు పంపకముందే దానికో ప్రత్యేక సంఖ్య ఇచ్చి డేటాబేస్‌లో రాసుకో. మళ్లీ పంపాల్సివస్తే అదే సంఖ్యతో పంపు. అదే సంఖ్య రెండోసారి వస్తే కొత్త ఆర్డరు పుట్టించకుండా పాత జవాబే ఇచ్చేలా అవతలివాళ్లను ఒప్పించు. వెబ్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే హెచ్‌టీటీపీ ప్రమాణంలో పుట్ అనే రకం అభ్యర్థన ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే ఉండాలి. పోస్ట్ అనే మరో రకానికి ఆ హామీ లేదు, ఆర్డర్లేమో ఎక్కువగా దానితోనే వెళతాయి. అందింది, అందలేదు అనే రెండు స్థితులు చాలవు. తెలియదు అనే మూడోది ఉండాలి. ఆ స్థితిలో ఉన్నంతసేపూ ఏజెంటు మరో సరఫరాదారుడి గడప తొక్కకూడదు. ముందు స్థితి అడగాలి, అప్పటికీ తేలకపోతే మనిషిని పిలవాలి.

రద్దుల కోసం సాగా పద్ధతి చదివే ఉంటావు. గార్సియా మోలినా, సేలం 1987లో రాసింది. పెద్ద పనిని చిన్న అడుగులుగా విడగొడితే, ప్రతి అడుగుకూ దాన్ని వెనక్కి తిప్పే ఒక విరుగుడు అడుగు ఉంటుంది. తప్పక వాడు. కానీ విరుగుడు జరిగినదాన్ని చెరిపెయ్యదు. వెనక్కి తీసుకోలేని అడుగులేమిటో గోదాము వాళ్లనూ రవాణా వాళ్లనూ కూర్చోబెట్టి అడుగు, వాటిని వీలైనంత చివరకు నెట్టు. రద్దయిన సరుకు గుమ్మం ముందుకొస్తే ఎవరు నిర్ణయించాలో పేరుతో సహా రాసిపెట్టు.

పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చెయ్యి. ఆర్డరును నమోదు చేసుకుని జవాబు మాత్రం పంపని నకిలీ సర్వీసు ఒకటి తయారుచేసి, దాని ముందు నీ ఏజెంటును నిలబెట్టు. ఏం చేసిందో నాకు రాయి. తేడా వస్తే ఏ వేళైనా సరే ఫోను చెయ్యి, ఇద్దరం కూర్చుని, ఏజెంటు చేసిన ప్రతి పనీ నమోదయ్యే లాగ్‌లు చూద్దాం.

మీ పెద్దమ్మ