తెలంగాణలో 70 శాతం మంది పిల్లలకు రక్తహీనత అంటున్నారు, మా బాబుకు మాత్రం లేదు. ఇలాంటి సర్వేలను నమ్మవచ్చా?

మీ మూడేళ్ల బాబుకు ల్యాబులో హిమోగ్లోబిన్ 11.8 వచ్చిందని రాశారు. ఆ వయసులో 11 ఉంటే చాలు, కాబట్టి బాబు గురించి దిగులు అక్కరలేదు. అంతమాత్రాన ఆ 70 శాతం చెప్పిన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తప్పని అనలేం. వందలో ముప్ఫై మందికి రక్తహీనత లేదని చెబుతున్నదీ ఆ సర్వేనే. అయినా ఆ 70 మీద మీకు వచ్చిన అనుమానం కొట్టిపారేయదగింది కాదు. దానికి కారణం మీ బాబు కాదు, సూది.

పెళ్లికి ముందు రెండేళ్లు నేను పాలమూరు పల్లెల్లో ఇలాంటి ఒక పోషకాహార సర్వేలో పనిచేశాను. వేలికొన మీద పొడిచి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాత తనంతట ఊరిన చుక్కను తీసుకోవాలని శిక్షణలో చెప్పారు. రెండేళ్ల పిల్ల ఏడుస్తూ చెయ్యి లాక్కుంటుంటే, తల్లి ముఖం తిప్పుకుని నిలబడితే, చుక్క దానంతట అది ఊరేదాకా ఎవరు ఆగుతారు? వేలు నొక్కుతాం. నొక్కితే రక్తంతో పాటు కణజాలంలోని నీరూ వస్తుంది, రక్తం పలచబడుతుంది, అంకె తగ్గుతుంది. నేనూ నొక్కాను, దాచడమెందుకు.

ఇది నా ఒక్కదాని గొడవ కాదు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వే వేలి చుక్కతో చూసి, దేశంలో ఆరు నెలలు నిండిన, ఐదేళ్లలోపు పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత అంది. ఇంచుమించు అదే కాలంలో, 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే సిరలోంచి రక్తం తీసి ల్యాబులో పరీక్షించి, 41 శాతం అంది. రెండోది ఏడాది నిండిన పిల్లలనే తీసుకుంది కాబట్టి కొంత తేడా అక్కడిది, కానీ అంతా దానివల్లే అనుకోలేం. వీలైనంతవరకు సిర రక్తమే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2024లో చెప్పింది.

ఎత్తు కొలవడంలో చిక్కు మరో రకం. కొలబద్ద సరిగానే ఉంటుంది, వయసే దొరకదు. “బోనాలు అయ్యాక పుట్టాడమ్మా, ఆ ఏడు వానలు బాగా పడ్డాయి” అంటారు. 83 సెంటీమీటర్లున్న మగపిల్లవాడు రెండేళ్లవాడైతే మామూలు లెక్కలో ఉంటాడు, రెండున్నరేళ్లవాడైతే ఎదుగుదల కుంటుపడిన పిల్లల జాబితాలో చేరతాడు. ఇప్పుడు జనన ధ్రువపత్రాలు పెరిగాయి, ఈ బాధ కొంత తగ్గింది.

అన్నింటికన్నా కష్టం తిండి లెక్క. కొలతలు గుర్తించిన గిన్నెల సెట్టు సంచిలో పెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవాళ్లం. నిన్న ఎన్ని గ్లాసుల బియ్యం పోశారు, వండాక అన్నం ఎంతైంది, అందులో ఎవరికి ఎన్ని గిన్నెలు పెట్టారు అని అడిగి, ఒక్కొక్కరి వాటాకు ఎంత బియ్యం వస్తుందో లెక్కగట్టాలి. పిల్లల వాటా, భర్త వాటా గిన్నె చూపించి టకటకా చెప్పిన ఆవిడ, తన దగ్గరికి వచ్చేసరికి “మిగిలిందేదో తిన్నాను” అనేది. ఆ మాటను గ్రాములుగా రాయడానికి నా ఫారంలో గడి లేదు. నూనె సంగతి సరేసరి, పోపు గరిటెతో ఎంత పడిందో ఎవరికి తెలుసు? నిన్న ఏకాదశి అయినా, ఎదురింట్లో పెళ్లయినా ఆ ఒక్క రోజే ఆ ఇంటి తిండిగా కాగితం మీదికి ఎక్కుతుంది. వెయ్యి ఇళ్లు కలిపితే ఇలాంటివి చాలావరకు సర్దుకుని సగటు బాగానే వస్తుంది. ఒక్క ఇంటి కాగితాన్ని విడిగా పట్టుకుని ఆ ఇంటి గురించి మాట్లాడటం మాత్రం కుదరదు.

మరి ఇంత అవస్థ దేనికి అంటారేమో. 1960లలో మన పిల్లలకు ప్రొటీన్ చాలడం లేదన్న మాట గట్టిగా వినిపించేది, ఖరీదైన ప్రొటీన్ పొడులే మందన్నారు. పిల్లలు నిజంగా ఏం తింటున్నారో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కొలిచి చూస్తే, అసలు లోటు కేలరీలది అని తేలింది. రోజూ తినే అన్నం, పప్పే కడుపునిండా పెడితే ప్రొటీన్ కూడా చాలావరకు అందుతుంది. కొలవకుండా ఇది తెలిసేది కాదు. ఆ సంస్థలోనే 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం దశాబ్దాల పాటు పల్లెల్లో ఈ లెక్కలు తీసింది. దాన్ని 2015లో మూసేశారు, నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. కుటుంబ ఆరోగ్య సర్వే ఏయే పదార్థాలు తిన్నారో అడుగుతుంది గానీ ఎంత తిన్నారో తూచదు. వినియోగ వ్యయ సర్వే ఇంటికి ఎంత సరుకు వచ్చిందో చెబుతుంది, ఎవరి కంచంలోకి ఎంత వెళ్లిందో చెప్పదు.

మీ మండలం అంకె కూడా అడిగారు. అది దొరకదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే దేశమంతా కలిపి దాదాపు 6.37 లక్షల ఇళ్లు తిరిగింది, దాంతో జిల్లా దాకానే నమ్మకంగా చెప్పగలరు. జిల్లా అంకెలకూ అటూ ఇటూ తేడాకు చోటుంటుంది, కాబట్టి పక్క జిల్లాకన్నా రెండు శాతం ఎక్కువని వచ్చే వార్తలను నేను చదవను. పాత సర్వేతో పోల్చేటప్పుడు పద్ధతి అదేనా అని చూడండి. తెలంగాణలో పిల్లల రక్తహీనత 2015-16లోని 60.7 శాతం నుంచి 2019-21లో 70కి పెరగడాన్ని నేను తీసిపారేయను, ఎందుకంటే రెండుసార్లూ వేలి చుక్కే. ఇకపై సిర రక్తంతో తీసిన లెక్క వచ్చి అంకె ఒక్కసారిగా తగ్గితే, రక్తహీనత తగ్గిందని ఎవరైనా చప్పట్లు కొట్టేముందు రక్తం ఎక్కడినుంచి తీశారో అడగండి.