డాక్టర్ సదావో మంచివాడేనా? ఇంగ్లీషు క్లాసులో పాత్రల నీతి గురించి

మీ అబ్బాయి సీబీఎస్‌ఈలో పన్నెండో తరగతి చదువుతూ ఇంగ్లీషు పాఠాల క్యారెక్టర్ స్కెచ్‌లన్నీ బట్టీ పడుతున్నాడని, కథల్లోని మనుషుల మంచిచెడ్డల మీద పెట్టే సమయం గ్రామరుకో స్పోకెన్ ఇంగ్లీషుకో కేటాయిస్తే మేలు కదా అని మీరు అడిగారు. ఉత్తరాంధ్రలో ఒక ప్రైవేటు పాఠశాలలో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను కనుక ఈ ప్రశ్నకు జవాబు రాయాలనిపించింది. బట్టీ పట్టడం దండగ అన్న మాట వరకు మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పాత్రల నీతి గురించి ఆలోచించడమే దండగ అంటే మాత్రం ఒప్పుకోలేను. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు పెద్దవాళ్లు చెప్పిన తీర్పును వల్లించకుండా సొంతంగా తప్పొప్పులు తూచుకోవడానికి బడిలో దొరికే చోటు దాదాపు అదొక్కటే. నైతిక విద్య పీరియడు టైంటేబుల్లో ఉంటుంది గానీ, సిలబస్ పూర్తికాని లెక్కల మాస్టారు దాన్ని అడిగి తీసుకుంటారన్న సంగతి బడికి వెళ్లిన ప్రతివారికీ తెలుసు.

మీ అబ్బాయి చేతిలో ఉన్న ‘విస్టాస్’ పుస్తకంలోనే అమెరికన్ రచయిత్రి పెర్ల్ బక్ రాసిన ‘ది ఎనిమీ’ కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాను సముద్రపుటొడ్డున కాపురముంటున్న సదావో అనే సర్జన్, ఆయన భార్య హానా, మంచు కమ్మిన ఒక సాయంత్రం గాయంతో ఒడ్డుకు కొట్టుకొచ్చిన అమెరికన్ నావికుణ్ణి, ఒక యుద్ధఖైదీని, చూసి ఇంట్లోకి తెచ్చి దాస్తారు, సదావో ఆపరేషన్ చేసి బతికిస్తాడు. వైద్యుడిగా ఇతణ్ణి కాపాడాలా, దేశభక్తుడిగా సైన్యానికి అప్పగించాలా అని పాఠం మొదలుకాక ముందే ఆ పుస్తకం తయారుచేసిన ఎన్‌సీఈఆర్‌టీ వారు విద్యార్థిని అడుగుతారు. బజారులో దొరికే గైడ్లు ఇంత మంచి ప్రశ్నను దయామయుడు, కర్తవ్యనిష్ఠ గలవాడు, మానవతావాది అన్న మూడు విశేషణాలతో ముగించేస్తాయి. ఆ మూడింటినీ ఇంకో పాఠంలోని ఇంకో డాక్టరుకు తగిలించినా ఏమీ తేడా పడదు. అవి సదావో గురించి పుట్టిన మాటలు కావు, ఐదు మార్కుల ప్రశ్నకు నూట ఇరవై నుంచి నూటయాభై పదాలు నింపడానికి పుట్టిన మాటలు.

ఈ పాఠం చెబుతున్నప్పుడు ఒక ఏడాది జరిగిన చర్చ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. క్యారెక్టర్ స్కెచ్ రాసుకోమన్నప్పుడు, తల్లి ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న ఒక అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసి, “మేడమ్, ఈయన మంచివాడని ఎలా రాస్తామండీ? చంపించడానికి ఒప్పుకున్నాడు కదా” అంది. పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించింది కూడా. సదావో వైద్యం చేస్తున్న ముసలి జనరల్ తన సొంత మనుషులను పంపి ఆ ఖైదీని రాత్రివేళ చడీచప్పుడు లేకుండా చంపిస్తానంటాడు, సదావో సరేనంటాడు, ఆ తరువాత మూడు రాత్రులు వాళ్ల కోసం ఎదురుచూస్తూ నిద్ర లేకుండా గడుపుతాడు. ఎవరూ రాకపోయేసరికే కదా పడవ ఇచ్చి పంపించాలన్న ఆలోచన అమలు చేశాడు అని ఆమె వాదన. నేను చూసిన గైడ్లలో ఆ మూడు రాత్రుల ప్రస్తావనే ఉండేది కాదు.

తండ్రి సైన్యంలో జవానుగా ఉన్న ఒక అబ్బాయి లేచి, సదావోను కాకుండా ఆయన ఇంటి పనివాళ్లను వెనకేసుకొచ్చాడు. మా జిల్లాల్లో సైన్యానికి వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు, అందుచేత ఆ మాట వాడి నోట రావడంలో ఆశ్చర్యం లేదు. యజమాని శత్రువును ఇంట్లో దాచుకుంటే ఆ ఇంట్లో పని చేయలేమని వెళ్లిపోవడం కూడా నీతే కదా, తెల్లవాడి ఒళ్లు కడగనని చెప్పిన ఆయా యుమీని మూర్ఖురాలని ఎందుకు రాయాలి అని అడిగాడు. దానికి ఆ అమ్మాయి, “చేతికి బేడీలున్న మనిషికి కూడా మా అమ్మ సెలైన్ పెడుతుంది, కేసేంటని అడగదు” అంది. “ఆ మనిషి మీ నాన్న మీద కాల్పులు జరిపినవాడైతే?” అని వాడు వెంటనే అన్నాడు. ఆమె కొంచెంసేపు ఆలోచించుకుని, “అప్పుడు కూడా కట్టు కట్టి, తరువాత బయటికెళ్లి ఏడుస్తుంది. సదావోకు ఏడుపు రాలేదు, భయం వేసింది” అని జవాబిచ్చింది.

యుద్ధఖైదీల విషయంలో ఏ నియమమూ ఉండేది కాదా అని ఆ అబ్బాయే నన్నడిగాడు. 1929 నాటి జెనీవా ఒప్పందం మీద జపాను సంతకం చేసిందనీ, అయితే దాన్ని ఆమోదించలేదనీ చెప్పి, ఆ నావికుడి మెడ మీద ఎర్రటి మచ్చలు చూసి ఖైదీలను హింసిస్తారన్న మాట నిజమేనేమోనని హానా అనుకునే చోటు చదివించాను. వాడు పనివాళ్ల పక్షం వదలలేదు గాని, అప్పగించడమంటే ఏ చేతుల్లోకి అప్పగించడమో కూడా చూడాలని ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు మనమందరం విన్న భోజరాజీయంలోని ఆవు, దూడకు పాలిచ్చి బుద్ధులు చెప్పి, ఇచ్చిన మాట కోసం పులి దగ్గరకు తిరిగి వెళుతుంది. ఆ కథలో సత్యం ఏ వైపు ఉందో పసిపిల్లకు కూడా తెలుస్తుంది. సదావోకు అలాంటి స్పష్టత లేదు, వృత్తిధర్మం ఒకటి చెబితే పౌరధర్మం మరొకటి చెబుతుంది, భార్యాబిడ్డల క్షేమం మూడోది చెబుతుంది. హైస్కూలు వయసు వచ్చిన పిల్లలకు ఆవు కథ తరువాత ఇలాంటి కథ కూడా అందాలని నా గట్టి నమ్మకం.

అసలు నేను చెప్పదలుచుకున్న విషయం ఇంకొకటి ఉంది. ఆ చర్చంతా తెలుగులో జరిగింది. మా బడిలో ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట్లాడితే జరిమానా ఉండేది, వరండాలో వెళుతున్న ఒక నిర్వాహకులు లోపలి మాటలు విని నన్ను సంజాయిషీ అడిగారు కూడా. ఇంగ్లీషులోనే మాట్లాడాలని నేనూ పట్టుబట్టి ఉంటే, తల్లి వార్డులో చూసిన బేడీల సంగతి ఆ అమ్మాయి నోటినుంచి వచ్చేదే కాదు, తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు విశేషణాలు చెప్పి కూర్చునేది. మంచిచెడ్డల గురించి పిల్లవాడు మొదట తన ఇంటి భాషలో ఆలోచిస్తాడు, ఆలోచన ఒక కొలిక్కి వచ్చాక ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటాడు. మీరు కోరుతున్న స్పోకెన్ ఇంగ్లీషు కూడా అలా చెప్పడానికి ఏదో ఒకటి ఉన్నప్పుడే వస్తుందని నేను ఖాయంగా చెప్పగలను. మరునాడు ఆ పిల్లలు ఇంగ్లీషులో రాసుకొచ్చిన సమాధానాల్లో క్రియాపదాలు తప్పులతడకగా ఉన్నా, సదావో ప్రాణం నిలబెట్టాడనీ, ఎవరైనా వచ్చి ఆ ప్రాణాన్ని తన చేతుల మీదుగా కాకుండా తీసుకుపోతే బాగుండునని కూడా కోరుకున్నాడనీ ఆ అమ్మాయి రాసిన మాటకు సాటివచ్చే వాక్యం ఏ గైడులోనూ నేను చూడలేదు. తానెందుకు అతణ్ణి చంపలేకపోయాడో సదావో తనలో తాను ప్రశ్నించుకోవడంతో కథ ముగుస్తుంది. రచయిత్రి జవాబు చెప్పకుండా విడిచిపెట్టిన ప్రశ్న అది; దానికి మానవత్వం అని ఒక్కమాటలో జవాబు రాయించేవారి మీద నాకు ఇప్పటికీ కోపమే.

మీ అబ్బాయి చేత గైడు పక్కన పెట్టించి, హంతకులను పంపుతానన్న మాట తాను మరచిపోయానని జనరల్ సదావోతో ఒప్పుకునే పేజీ తెరిపించండి. తన అనారోగ్యం ధ్యాసలో పడి మరచిపోయానే తప్ప దేశభక్తి లేక కాదని ఆయన అంటాడు. ఆ మరపు వల్ల ఒక మనిషి బతికాడు కదా, మరి దాన్ని మంచి అనాలా, నిర్లక్ష్యం అనాలా అని అడగండి. తెలుగులో జవాబు చెప్పినా అడ్డుపడకండి, కాని ఏ వాక్యం చదివి అలా అనుకున్నాడో వేలు పెట్టి చూపించమని తప్పకుండా అడగండి.