సింకింగ్ ఫండ్‌లో మునిగేది ఏమిటి?

ప్రశ్న: నా జీతం నెలకు 55 వేలు. ఎల్‌ఐసీ ప్రీమియం, కారు ఇన్సూరెన్స్, పిల్లల ఫీజు, సంక్రాంతి... ఏది వచ్చినా క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తోంది. సింకింగ్ ఫండ్ పెట్టుకోమంటున్నారు. మునిగిపోయే ఫండ్ ఏమిటండీ? ఎమర్జెన్సీ ఫండ్ ఉంటే చాలదా?

జవాబు: మునిగేది మీ డబ్బు కాదు, అప్పు. ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన పెద్ద ఖర్చు కోసం నెలనెలా కొంత పక్కన పెట్టడమే సింకింగ్ ఫండ్. 1717లో బ్రిటన్‌లో రాబర్ట్ వాల్‌పోల్ అనే నాయకుడి పథకం ప్రకారం, ప్రభుత్వ రుణాన్ని క్రమంగా ‘ముంచడానికి’, అంటే తగ్గించడానికి, కొన్ని పన్నుల మిగులును విడిగా పెట్టారు. పేరు అలా వచ్చింది. 1733లో భూమి పన్ను పెంచకుండా నెట్టుకురావడానికి ఆయనే అందులోంచి 5 లక్షల పౌండ్లు తీసేశాడు. 1786లో ప్రధాని విలియం పిట్ (చిన్న పిట్) ఏటా 10 లక్షల పౌండ్లు కేటాయించి, ఎవరూ ముట్టకుండా కమిషనర్ల చేతికిచ్చాడు. తీరా ఫ్రాన్స్‌తో యుద్ధాలొచ్చాక, ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తెచ్చి మరీ ఆ ఫండ్‌ను నింపారు! ఇళ్లలో జరిగే పొరపాట్లూ ఈ రెండే: దాచింది వేరేదానికి వాడేయడం, అప్పు ఉంచుకుని మరీ దాచడం.

కాబట్టి కార్డు బకాయి ఉంటే ముందు అది తీర్చండి. సేవింగ్స్ ఖాతా ఏడాదికిచ్చే వడ్డీ కన్నా చాలా కార్డులు ఒక్క నెలకు గుంజేదే ఎక్కువ.

ఆ తర్వాత లెక్క. ఉదాహరణకు అక్టోబరులో కారు ఇన్సూరెన్స్ 15,000, జనవరిలో పండగ 18,000, మార్చిలో ఎల్‌ఐసీ 24,000, జూన్‌లో ఫీజు 30,000 అనుకుందాం. మొత్తం 87,000, పన్నెండుతో భాగిస్తే నెలకు 7,250. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. జూలైలో మొదలుపెడితే అక్టోబరుకు చేతిలో ఉండేది 21,750. అందులో ఇన్సూరెన్స్ పోతే 6,750. జనవరిలో పండగకు, మార్చిలో ఎల్‌ఐసీకి సరిపడా చేరినా, జూన్‌లో ఫీజుకు 7,250 తక్కువ పడుతుంది. అందుకే తొలి ఏడాది ఒక్కో ఖర్చునూ మిగిలిన నెలలతో భాగించాలి: ఇన్సూరెన్స్‌కు 5,000, పండగకు 3,000, ఎల్‌ఐసీకి 3,000, ఫీజుకు 2,730. మొదటి మూడు నెలలు 13,730 పక్కన పెట్టడం బరువే. అక్టోబరు నుంచి ఇన్సూరెన్స్ వాటా 1,250కి దిగుతుంది, ఏడాది తిరిగాక మొత్తం 7,250 దగ్గర నిలుస్తుంది. మరీ కష్టమైతే ఈసారికి పండగ బడ్జెట్ కోయండి, ఇన్సూరెన్స్‌ను మాత్రం వదలొద్దు. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది.

డబ్బును జీతం ఖాతాలో ఉంచకండి. ఏటీఎం కార్డు, యూపీఐ లేని వేరే సేవింగ్స్ ఖాతా చాలు. జీతం పడిన మర్నాడే అందులోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ దీనికి పనికిరాదు, గడువు ఐదేళ్లు.

ఎమర్జెన్సీ ఫండ్ తేదీ తెలియని ఖర్చుకు: ఉద్యోగం పోవడం, ఆసుపత్రి. సంక్రాంతి ఏ నెలలో వస్తుందో మనకు ముందే తెలుసు కదా.