టెక్ సందేహాలు: తీర్పు దొరికింది సరే, బాధితుల కాగితాలు ఎవరి సిస్టమ్‌లో ఉన్నాయి?

ప్రశ్న: కావలిలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి హైవే యాక్సిడెంటు క్లెయిములే. తీర్పులు వెతకడానికి ఏడాదికింత అని కట్టే సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు. ఉచితంగా దొరికేవి చాలవా? కేసు కాగితాలు ఫొటో తీసి ఏఐ యాప్‌లో పెడితే పాయింట్లు రాసిచ్చేస్తోంది. వాడొచ్చా?

జవాబు: ఇదే ప్రశ్న ఒంగోలు నుంచీ ఆత్మకూరు నుంచీ కూడా వచ్చింది. మొదటి సగానికి జవాబు చిన్నదే. ఉచితంగా దొరికేవి చాలు, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ మొదలయ్యాక సుప్రీంకోర్టు తీర్పుల అధికారిక సంపుటాలను ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. హైకోర్టు తీర్పులకు ఈ-కోర్ట్స్ జడ్జిమెంట్స్ పోర్టల్ ఉంది. గుర్తున్న నాలుగు మాటలు కొట్టి వెతకడానికి ఇండియన్ కానూన్ బాగుంటుంది. మన హైకోర్టు విడిగా ఏర్పడింది 2019 జనవరి 1న. అంతకు ముందు తీర్పులు హైదరాబాద్ ఉమ్మడి హైకోర్టువి. ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకుంటే దొరకలేదా, తెలంగాణ కింద కూడా వెతకండి.

చట్టం మాత్రం ప్రభుత్వ చట్టాల వెబ్‌సైటు ఇండియా కోడ్‌లోనే చదవండి, వీడియోలు చూసి కాదు. క్లెయిము వేయడానికి గడువు లేదని ఇప్పటికీ చెబుతున్న వీడియోలు బోలెడు. మోటారు వాహనాల చట్టానికి చేసిన 1994 సవరణ గడువు తీసేసిన మాట నిజమే. కానీ 2019 సవరణ మళ్లీ ఆరు నెలల గడువు పెట్టింది, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు కూడా చేశారు. కాబట్టి తాజా ఉత్తర్వులు చూడకుండా బాధితులకు ఏ మాటా చెప్పొద్దు. ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. సున్నితమైన కేసులకే మినహాయింపు. కాపీ కోసం స్టేషన్‌కు వెళ్లే ముందు పోలీసు వెబ్‌సైటు చూడండి.

ఇక ఏఐ. ఊహించిన కేసు ఒకటి ఇచ్చి చూశాను: చనిపోయినతను 38 ఏళ్ల కూలీ, భార్య, ఇద్దరు పిల్లలు. పరిహారం లెక్కలో ఏడాది సంపాదనను ఎంతతో గుణించాలో చెప్పే అంకె మల్టిప్లయర్. యాప్ దాన్ని 16 అంది. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకు 15. తన మాటకు ఆధారంగా ఒక తీర్పు పేరు కూడా ఇచ్చింది. ఈ-ఎస్‌సీఆర్‌లో ఎంత వెతికినా అలాంటి తీర్పే లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులు దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టుకున్నారు. అదీ ఇంజురీ కేసే, విమానంలో మోకాలికి దెబ్బ తగిలిన ప్రయాణికుడిది. యాప్ చెప్పిన ప్రతి తీర్పునూ తెరిచి, పేరా చదివి, ఆ తర్వాతే ప్లీడరు గారి బల్ల మీద పెట్టండి.

తప్పు తీర్పునైనా దిద్దుకోవచ్చు. నాకు అంతకన్నా పెద్ద భయం మీరు ఫొటో తీస్తున్న ఆ కాగితాల గురించి.

ఆమధ్య ఒక కోర్టు పక్క జిరాక్స్ షాపులో ప్రింటు కోసం నిలబడ్డాను. "వాట్సాప్ చెయ్యన్నా, తీసిస్తా" అన్నాడు కుర్రాడు. సిస్టమ్‌లో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తీస్తే వరసగా ఎవరివో ఊండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు ఇచ్చే పత్రం), కాలి ఎక్స్‌రే, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. ఒక ఇంటి పెద్ద యాక్సిడెంటులో దెబ్బతిన్నాడని, ఆ ఇంటికి లక్షలు రాబోతున్నాయని, ఏ ఖాతాలోకి వస్తాయో కూడా ఆ ఫోల్డరే చెబుతుంది. రేపు అతని భార్యకు ఫోన్ వస్తుంది: "అమ్మా, మీ యాక్సిడెంటు డబ్బు శాంక్షనైంది, ఓటీపీ చెప్పండి." కేసు నంబరు, ఆసుపత్రి పేరు సరిగ్గా చెబితే ఆవిడ ఎందుకు నమ్మదు?

ఆఫీసులో ఒక చిన్న ప్రింటర్ పెట్టించండి. ఆ సాఫ్ట్‌వేర్‌కు కట్టే డబ్బు ఇటు పెట్టండి. షాపుకు వెళ్లక తప్పకపోతే ఫైలు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాకే కదలండి. మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట పూర్తి ఆధార్ ఇవ్వొద్దు. పీడీఎఫ్‌లు కలిపే ఉచిత సైట్లకూ, ఏఐ యాప్‌లకూ బాధితుల పేరున్న కాగితం ఒక్కటీ ఎక్కించొద్దు. పాయింట్లు కావాలంటే పేర్లు, నంబర్లు తీసేసి ప్రశ్న మాత్రం టైపు చేయండి.

ఆర్టీవో చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేవి) మీలాంటి వాళ్లకే ఎక్కువ ప్రమాదం. రోజూ బండి నంబర్లతో పని కాబట్టి చెయ్యి దానంతటదే నొక్కేస్తుంది. ఇన్‌స్టాల్ అయిందంటే మీ ఎస్సెమ్మెస్‌లు, అందులోని ఓటీపీలు అవతలివాడి చేతిలో ఉన్నట్టే. బండి వివరాలకు ప్లే స్టోర్‌లోని అసలు ఎంపరివాహన్, అంటే ప్రభుత్వ యాప్, చాలు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ ఫోన్ అప్‌డేట్ల సంగతీ చెప్పాలి. అప్‌డేట్ అయ్యాక, అడిగామనిపించేలా ఒక చిన్న బటన్ చూపించి, ఫొటోల బ్యాకప్ ఆన్ చేయించే ఫోన్లు ఉన్నాయి. ఇలా డిజైన్ చేసేవాళ్లకు గ్యాలరీ అంటే పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలే. గుమాస్తా ఫోన్లో పోస్టుమార్టం ఫొటోలు ఉంటాయని వాళ్లకు తట్టనే తట్టదు. నాకు తెలిసిన ఒక గుమాస్తా కూతురు నాన్న ఫోన్లో ఆడుకుంటుంటే "గతేడాది ఇదే రోజు" అని జ్ఞాపకాల వీడియో మొదలైంది. అందులో మొదటి ఫొటో పాప పుట్టినరోజుది. రెండోది హైవే మీద నుజ్జయిన ఆటోది, పక్కన గుడ్డ కప్పిన మనిషి. ఆ పాపకు ఏడేళ్లు.

కేసు ఫొటోలకు వేరే ఫోల్డర్ పెట్టి, దానికి బ్యాకప్ ఆపేయండి. గ్యాలరీ సెట్టింగ్స్‌లో ఆ జ్ఞాపకాల ఆప్షన్ కూడా ఈ రాత్రికే ఆపేయండి.