పై వాటా బాగుచేయించేది నేను... హక్కు ఎవరిది?

ప్రశ్న: మా నాన్నగారు సొంత సంపాదనతో 1978లో మేడ కట్టించారు. వీలునామా రాయకుండానే 2011లో పోయారు. కింద అమ్మ, తమ్ముడు ఉంటారు. పైన మేముంటాం. చెల్లెలికి 1996లోనే పెళ్లయింది. పై వాటా బాగా పాతబడింది. వైరింగ్, నీళ్ల పైపులు మార్పించి, బాత్‌రూమ్‌లు కొత్తగా కట్టించి, రెండు గదుల మధ్య గోడ తీయించాలనుకుంటున్నాను. ఖర్చంతా నాదే. తమ్ముడు నోటిమాటగా సరేనన్నాడు. చెల్లెలు మాత్రం పంపకాలయ్యాక చేయించుకోమంటోంది. ఆమె ఆపగలదా? ఇంటి పన్ను ఏళ్లుగా నా పేరు మీదే కడుతున్నాను.

జవాబు: పైన ఉంటున్నారు గనక పై వాటా మీదేనన్న ధీమా మీ ఉత్తరంలో కనిపిస్తోంది. చట్టం లెక్క వేరు. మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. వీలునామా లేని స్వార్జితం ఆ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వెళ్తుంది. నాన్నగారు పోయేనాటికి మీ నాయనమ్మ ఉంటే ఆమెకూ ఒక వాటా వస్తుంది. లేరనుకుంటే మీ నలుగురికీ తలా నాలుగో వంతు. అది పైనా కిందా అని విడగొట్టిన వాటా కాదు, మొత్తం ఇంటిలో ఉన్న హక్కు. ఇంటి పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు. ఇన్నాళ్లూ ఉన్నానన్నా లాభం లేదు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే.

చెల్లెలి పెళ్లి ఎప్పుడయిందన్నది ఇక్కడ అనవసరం. ఆడపిల్లలకు 2005 సవరణతోనే హక్కు వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆ సవరణ ముఖ్యంగా ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితం గురించి. తండ్రి స్వార్జితంలో కూతురికి 1956 నుంచే వాటా ఉంది. అయితే 2005లో మీకు సంబంధించిన మార్పు ఒకటి జరిగింది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకునేదాకా ఆడ వారసులు పంపకం అడగకూడదన్న 23వ సెక్షన్‌ను 2005 సెప్టెంబర్ 9 నుంచి తీసేశారు. కాబట్టి మీ చెల్లెలు రేపే పార్టిషన్ దావా వేయొచ్చు.

ఇక ఆపగలదా అన్న ప్రశ్న. కారుతున్న పైపు, షాక్ కొడుతున్న వైరు మార్పించుకుంటే కోర్టు అడ్డుపడటం అరుదు. గోడ తీసేయడం అలాంటిది కాదు. అది ఉమ్మడి ఆస్తి రూపాన్నే మార్చడం. దావా వేసి, ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉంచాలని ఆమె తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చు. బాత్‌రూమ్‌లు పగలగొట్టాక ఆ ఆర్డర్ వస్తే మీ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముందుగా కేవియట్ (నాకు చెప్పకుండా ఆర్డర్ ఇవ్వొద్దని కోర్టులో ముందే పెట్టుకునే విన్నపం) వేసుకుంటే, అది అమల్లో ఉండే 90 రోజుల్లో కోర్టు మీకు నోటీసు ఇచ్చాకే ఏ ఆర్డరైనా ఇవ్వాలి. కానీ కేవియట్ నోటీసు మీ చెల్లెలికీ చేరుతుంది. అన్నయ్య నుంచి లాయరు కాగితం అందాక ఆమె ఇక సామరస్యంగా మాట్లాడుతుందని నేననుకోను.

అసలు నష్టం డబ్బు దగ్గర ఉంది. మిగతావారి ఒప్పుదల లేకుండా చేయించిన హంగులకు, పంపకాల్లో పెట్టిన ఖర్చు తిరిగిమ్మని హక్కుగా అడగలేరు. ఆస్తి బదిలీ చట్టం 51వ సెక్షన్ రక్షిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆస్తి పూర్తిగా తనదేనని మనస్ఫూర్తిగా నమ్మి కొన్నవారి లాంటి వాళ్ల కోసం ఉన్నది అది. మిగతావారికి వాటాలున్నాయని మీకు తెలుసు. ఒక ఊరట మాత్రం ఉంది. ఇతరుల వాటాకు నష్టం లేకుండా వీలైతే, బాగుచేయించిన భాగాన్ని ఆ పని చేయించినవారికే కేటాయించడం కోర్టులు న్యాయమనిపించినప్పుడు చేస్తాయి. అది వాళ్ల విచక్షణ, మీ హక్కు కాదు. ఇల్లు నిలబడటానికి తప్పనిసరైన మరమ్మతుల బిల్లులు, సోకుల బిల్లులు వేర్వేరుగా దాచండి. మొదటివాటికి బలం ఎక్కువ.

అందుకే పని మొదలుపెట్టేముందు కాగితం కావాలి, తమ్ముడి నోటిమాట చాలదు. ఏ పనులు, ఖర్చెవరిది, పంపకాల్లో దాన్ని లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నంతవరకే అయితే అమ్మ, తమ్ముడు, చెల్లెలు సంతకాలు పెట్టిన ఒప్పుదల పత్రం సరిపోతుంది. అందులో ‘పై వాటా అన్నయ్యకే’ అని రాస్తే మాత్రం అది హక్కును సృష్టించే దస్తావేజు అవుతుంది, రిజిస్టర్ చేయించాల్సిందే. నన్నడిగితే చెల్లెలి మాటలోనే తెలివుంది. ఇప్పుడే పంపక దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించుకోండి. ఆమెకు ఇంట్లో భాగం వద్దు, డబ్బు చాలంటే, ఎంతో తేల్చుకుని హక్కు విడుదల దస్తావేజు తీసుకోండి. దానికీ రిజిస్ట్రేషన్ తప్పదు. అమ్మ వాటాను మరిచిపోకండి. ఆమె వీలునామా లేకుండా పోతే అదీ ముగ్గురికీ సమానమే.

దస్తావేజులో చాలామంది వదిలేసేవి మెట్లు, మేడపైన ఖాళీ జాగా, నీళ్ల ట్యాంకు, మురుగు పైపులు. వీటిని ఎవరు వాడుకోవాలి, పైన మరో అంతస్తు వేసుకునే హక్కు ఎవరిది, పై బాత్‌రూమ్ నీళ్లు కింది గదిలోకి దిగితే ఎవరు బాగుచేయించాలి అన్నవి విడివిడిగా రాయించండి. అంతస్తులవారీగా పంచుకున్న ఇళ్లలో తర్వాత వచ్చే గొడవలు ఎక్కువగా వీటి మీదే.

రంగులు, ఫ్లోరింగ్ లాంటివాటికి సాధారణంగా మున్సిపల్ అనుమతి అక్కర్లేదు. నిర్మాణాన్ని తాకితే అడిగి తెలుసుకోవాలి. ఆ కాలపు ఇళ్లు చాలావాటికి పిల్లర్లు ఉండవు, స్లాబు బరువంతా గోడలదే. మీరు తీయిద్దామనుకున్న గోడ అలాంటిదేమో స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించి, ఆయన అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. ఒక కాపీ చెల్లెలికీ ఇవ్వండి. అందరి సంతకాలు అయ్యేదాకా గోడ జోలికి వెళ్లొద్దు. వైరింగ్ పనికి అంతవరకు ఆగనక్కర్లేదు.